మనకు ఇంకో వండర్లా వద్దు

మానేరు కట్ట మీద సాయంత్రం నలుగురు కూడినా, ఆదిలాబాద్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతున్నా, పిల్లల సెలవుల ముచ్చట వచ్చిందంటే మాట ఒక్క చోటికే చేరుతుంది: "మన దిక్కు ఏమున్నది? హైదరాబాద్‌ల వండర్లా ఉన్నది, రామోజీ ఉన్నది. అసొంటిది ఒకటి మనకూ పడితే జిల్లా రాత మారుతది." నాయకులు కూడా ఇదే మాట పట్టుకున్నారు. ఏ పార్కు ప్రకటన చూసినా మొదటి వాక్యంలో కోట్ల అంకె, రెండో వాక్యంలో రైడ్ల లెక్క. అక్కడితో ప్రకటన అయిపోతుంది. ఎన్ని కోట్లు పోశారు, ఎన్ని రైడ్లు పెట్టారు, ఏది ఎంత ఎత్తు అన్నదే పార్కు విలువ అని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు.

ఈ నమ్మకం తప్పు. ఇందులో అమాయకత్వమే ఉంటే ఊరుకోవచ్చు. కానీ దీన్ని పట్టుకొని వెళ్తే మన జిల్లాల సొమ్ము వృథా అవుతుంది, పిల్లల ప్రాణాల మీదికి వస్తుంది, మన దగ్గర ఉన్న అసలు సరుకు మట్టిలో కలుస్తుంది. అందుకే దీన్ని గట్టిగా ఖండించాలి.

ముందు వండర్లా సంగతే చూద్దాం. 2016లో రావిర్యాల దగ్గర, ఔటర్ రింగు రోడ్డును ఆనుకొని, సుమారు 250 కోట్లతో దాన్ని తెరిచారు. దాని మంచిని నేను కాదనను. నీళ్లు శుభ్రంగా ఉంటాయి, బెల్టు సరిచూడకుండా రైడు కదలదు, కొన్ని రైడ్లను కొచ్చిలోని సొంత వర్క్‌షాపులోనే తయారు చేసుకుంటారు. ఆ శక్తి ఉన్న పార్కులు దేశంలో చాలా తక్కువ. అక్కడి పెద్ద ఆకర్షణ రీకాయిల్. రైలును వెనక్కి ఏటవాలు మీదికి లాగి వదిలేస్తారు. అది స్టేషన్‌లోంచి దూసుకుపోయి, మెలి తిరిగి, గిరికీ కొట్టి, ఎదుటి ఏటవాలు ఎక్కి, మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తుంది. మొత్తం రెండు నిమిషాల లోపే. కడుపులో పేగులు కదులుతాయి, అరుపులు వినపడతాయి, దిగగానే జుట్టు సవరించుకొని పక్క రైడు లైనుకు పోతాం.

అది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ చేసే బూమరాంగ్ నమూనా. అచ్చంగా అదే ట్రాకు, అదే మెలిక, అదే గిరికీ ఉన్న కోస్టర్లు ప్రపంచంలో డజన్ల కొద్దీ ఉన్నాయి. బెంగళూరు వండర్లాలోనూ అదే ఉంది. కళ్లు మూసుకొని ఎక్కితే నువ్వు ఏ దేశంలో ఉన్నావో తెలియదు. కళ్లు తెరిచినా ఉక్కు స్తంభాలు తప్ప తెలియడానికి అక్కడ పెట్టినదేమీ లేదు. డబ్బుతో కొనగలిగింది ఆ ఉక్కునే. అది ఎవరికైనా అమ్ముతారు. రేపు కరీంనగర్‌కూ అమ్ముతారు. మరి అదే వస్తువు రావిర్యాలలో ఉండగా, దాన్ని చూడ్డానికి జగిత్యాల నుంచో నిర్మల్ నుంచో మన ఊరికి ఎవరు ఎందుకు వస్తారు? ఈ ప్రశ్నకు పార్కు ప్రేమికుల దగ్గర జవాబు లేదు.

రామోజీ ఫిల్మ్ సిటీ కథ వేరు. 1996లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్‌కు ఎక్కింది. రైడ్ల లెక్కన చూస్తే వండర్లా ముందు అది నిలవదు. అయినా కొత్తపెళ్లి జంట మొదలు స్కూలు పిల్లల దాకా జనం ఎగబడతారు. ఎందుకంటే అక్కడ చూపించేదానికి ఒక అసలు ఉంది. సినిమా నిజంగా అక్కడ తీస్తారు. రైల్వే స్టేషన్ సెట్టు, బాహుబలి కోసం కట్టిన మాహిష్మతి సెట్టు, వెనక్కి వెళ్లి చూస్తే కనపడే చెక్కబద్దలు, ఇవన్నీ ఒక పనికి చెందిన వస్తువులు. పిల్లవాడు ఇంటికి వచ్చి నానమ్మకు చెప్పుకోవడానికి అందులో కథ దొరుకుతుంది. రీకాయిల్ గురించి చెప్పమంటే "మస్తు భయమైంది" దగ్గర ఆగిపోతాడు. థీమ్ అంటే ఇదే. రంగులేసిన సిమెంటు కోట థీమ్ కాదు. ఆ చోటికీ అక్కడ చూపే దానికీ ఉన్న సంబంధమే థీమ్.

"ఎత్తు, వేగం ఉంటే చాలు, జనం వస్తారు" అనేవాళ్లకు అమెరికా నుంచి రెండు కోస్టర్ల చరిత్ర చెబుతాను. న్యూజెర్సీలో 2005లో కింగ్డా కా అనే కోస్టర్ కట్టారు. ఎత్తు 456 అడుగులు, వేగం గంటకు 206 కిలోమీటర్లు. అది నడిచినన్నాళ్లూ లోకంలో దాన్ని మించిన ఎత్తున్న కోస్టర్ లేదు. తరచూ ఆగిపోయేది, మరమ్మతులకు అంతు లేదు. 2024లో మూసేసి, 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చేశారు. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1979లో కట్టిన బిగ్ థండర్ మౌంటెన్ అనే గని రైలు వేగం గంటకు 50 కిలోమీటర్లు కూడా దాటదు. అయినా అదే ఊహను ఫ్లోరిడాలో, టోక్యోలో, పారిస్‌లో మళ్లీ మళ్లీ కట్టుకున్నారు. పాడుబడ్డ బంగారు గనుల ఊరు, తప్పించుకుపోయిన రైలు, గుహలో గబ్బిలాలు. ఆ కథ కోసం పిల్లలు, తాతలు కలిసి లైన్లో నిలబడతారు. ఎత్తులో రికార్డు కొట్టింది ఇరవై ఏళ్లకే తుక్కు అయింది. కథ ఉన్నది నలభై ఏళ్లు దాటినా నడుస్తోంది.

ఇక కోట్ల సంగతి. మన పత్రికల్లో కోట్ల అంకె ఒక గౌరవ బిరుదులా వాడతారు. ఆ అంకెలో ఏముంటుందో ఎవరూ విప్పి చూడరు. భూమి ధర, నేల చదును, నీటి శుద్ధి, కరెంటు సబ్‌స్టేషన్, దిగుమతి సుంకం, అప్పు మీద వడ్డీ అన్నీ అందులోనే ఉంటాయి. వండర్లా కంపెనీయే 2024లో భువనేశ్వర్‌లో 190 కోట్లతో, 2025 చివర చెన్నైలో 611 కోట్లతో పార్కులు తెరిచింది. చెన్నై పిల్లవాడికి భువనేశ్వర్ పిల్లవాడి కన్నా మూడింతల ఆనందం దక్కుతుందని ఎవరూ అనలేరు. ముంబయి, పుణె మధ్య ఖోపోలీలో 2013లో సుమారు 1,600 కోట్లతో ఇమాజికా కట్టారు. అక్కడి నైట్రో కోస్టర్ స్విట్జర్లాండ్‌లోని బొల్లిగర్ అండ్ మాబిలార్డ్ చేసింది. రైడు నాణ్యతలో దేశంలో దాన్ని మించినవి చాలాకాలం లేవు. సెట్టింగులకు కూడా బాగానే ఖర్చు పెట్టారు. అయినా అనుకున్నంత జనం రాలేదు, అప్పు తీరలేదు, 2022లో పార్కు మల్పానీ గ్రూపు చేతికి పోయింది. పక్కన ముంబయి, పుణె లాంటి మహానగరాలు రెండు ఉండి కూడా ఆ భారం మోయలేకపోయాయి.

అట్లాగని ఖర్చు తగ్గించడమే తెలివి అనుకుంటే అదీ పొరపాటే. డిస్నీ కంపెనీయే 2001లో తన పాత పార్కు ఎదురుగా కాలిఫోర్నియా అడ్వెంచర్ అనే కొత్త పార్కు తెరిచింది. థీమ్ మీద పొదుపు చేసి, జాతరలో దొరికే మామూలు రైడ్లు తెచ్చి పెట్టింది. వచ్చినవాళ్లు పెదవి విరిచారు. చివరికి 2007లో వంద కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి దాన్ని తిరగ కడతామని ప్రకటించాల్సి వచ్చింది. రైడు కొని కథను మరిచిపోతే రెండుసార్లు ఖర్చు పెట్టాలి. డిస్నీకి రెండోసారి పెట్టే స్తోమత ఉంది. కరీంనగర్ నగరపాలక సంస్థకు ఉందా?

మన లెక్క మనం చూసుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో కరీంనగర్‌లో ఉన్నది రెండు లక్షల అరవై వేల మంది. ఆదిలాబాద్ పట్టణంలో లక్షా పదిహేడు వేలు. హైదరాబాద్ వెనక అప్పటికే 67 లక్షల మంది ఉన్నారు. వెయ్యి రూపాయలు దాటిన టికెట్టు కొని ఏడాదికి లక్షల మంది రావాలంటే మన దగ్గర సాధ్యం కాదు. కాబట్టి "మన వండర్లా" అంటూ వచ్చేది అసలు వండర్లా కాదు. దాని నకలుకు నకలు వస్తుంది. ఎక్కడో వాడి తీసేసిన రైడు, తుప్పు మీద కొత్త రంగు, ఆరు నెలలు తిరిగాక "మరమ్మతులో ఉంది" అనే బోర్డు. రెండేళ్లకు టెండరు మారుతుంది, మూడేళ్లకు గడ్డి మొలుస్తుంది. ఊరూరా ఇట్లాంటి పార్కులను మనం చూస్తూనే ఉన్నాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత రైడు డబ్బు సమస్య మాత్రమే కాదు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు పార్కులో లోలకంలా ఊగే రైడు నడుస్తుండగానే విరిగి పడింది. ఇద్దరు చనిపోయారు, దాదాపు ముప్పై మంది గాయపడ్డారు. 2022 సెప్టెంబరులో మొహాలీలో జనంతో పైకి వెళ్లిన టవర్ రైడు అమాంతం కింద పడింది. రైడ్ల భద్రతకు మన దేశంలో ఐఎస్ 15475 అనే ప్రమాణం ఉంది. కానీ ప్రమాణం కాగితం మీద ఉంటే సరిపోదు. బోల్టును, వెల్డింగును పరీక్షించే మనిషి రోజూ ఉండాలి, అతనికి జీతం ఉండాలి, "ఇవాళ ఈ రైడు నడపొద్దు" అని చెప్పే అధికారం ఉండాలి. పార్కు ప్రారంభోత్సవానికి డబ్బు దొరికినంత సులువుగా ఈ జీతానికి దొరకదు. వేములవాడ శివరాత్రి జాతరలో నేల మీద దిమ్మెలు పేర్చి నిలబెట్టిన రాట్నం ఎక్కే తల్లి బిడ్డను ఒడిలో గట్టిగా పట్టుకోవడం మనందరం చూశాం. ఆ భయాన్ని సిమెంటు గోడల లోపలికి తెచ్చి టికెట్టు పెట్టడం అభివృద్ధి కాదు.

"అయితే మరి మన దగ్గర ఏమున్నదని?" అంటారు. ఈ ప్రశ్నే నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది.

ప్రాణహిత, గోదావరి లోయలో యామనపల్లి దగ్గర జురాసిక్ యుగం తొలినాళ్ల రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. 1988లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టి ప్రపంచానికి చూపించారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. మన పార్కుల్లో నిలబడ్డది ఏది? సిమెంటు టీ రెక్స్. అది ఉత్తర అమెరికా జంతువు. మన కోటసారస్ దానికి పది కోట్ల ఏళ్లకు పైగా ముందే ఈ లోయలో ఆకులు మేసింది. కరీంనగర్ పిల్లవాడు సిమెంటు టీ రెక్స్ ముందు ఫోటో దిగుతాడు. తన తాత చేను పక్క నేల కింద ఏం దొరికిందో అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రాణహిత అవతల సిరొంచ దగ్గర వడధాంలో మహారాష్ట్ర శిలాజాల పార్కు పెట్టుకుంది. ఇవతలి ఒడ్డున మనం ఇంకా రైడ్ల కొటేషన్లు తెప్పించుకుంటున్నాం.

అంతకన్నా పెద్ద ఆస్తి బొగ్గు బాయి. డిస్నీవాళ్లు ప్లాస్టరుతో కొండ కట్టి, లేని గనిని ఉన్నట్టు నమ్మించి, లక్షల మందిని లైన్లో నిలబెట్టారు. మనకు బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని నిజంగా ఉన్నాయి. బెల్లంపల్లిలో 1920ల చివరి నుంచి బొగ్గు తీశారు. అక్కడి పాత భూగర్భ బాయిలు చాలావరకు మూతపడ్డాయి, ఊరు కూడా వాటితోపాటే చిన్నబోయింది. బాయి దిగినవాళ్లను అడిగి చూడండి. షిఫ్టు సైరన్, క్యాప్ ల్యాంపు బరువు, హాలేజీ తాడు మీద టబ్బుల చప్పుడు, దిగుతున్నకొద్దీ మారే గాలి. కార్మికుడు పని మొదలుపెట్టే ముందు కర్రతో పైకప్పును కొట్టి వింటాడు. బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల వీడిపోయి ఉంటే బోలుగా పలుకుతుంది. ఆ శబ్దం తేడా మీద ప్రాణాలు ఆధారపడ్డాయి. చీకట్లో నిలబెట్టి ఆ రెండు శబ్దాలు వినిపించి, "ఇప్పుడు చెప్పు, ఉండాలా, పరుగెత్తాలా?" అని పిల్లవాణ్ణి అడిగితే వాడి గుండె రీకాయిల్ మీద కన్నా గట్టిగా కొట్టుకుంటుంది. దానికి స్విట్జర్లాండ్ ఉక్కు అక్కర్లేదు.

పాత బాయిలోకే జనాన్ని దింపమని నేను అనడం లేదు. గ్యాసు, నీళ్లు, కప్పు కూలే ప్రమాదం ఉంటాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. నేల మీదే గ్యాలరీ కట్టి అసలు టబ్బులు, అసలు పట్టాలు, అసలు దీపాలు వాడొచ్చు. నాగపూర్ దగ్గర సావనేర్‌లో వెస్ట్రన్ కోల్‌ఫీల్డ్స్ 2016లోనే గని పర్యాటకం మొదలుపెట్టింది. మన ఆర్టీసీ కూడా 2022లో సింగరేణి దర్శన్ పేరుతో యాత్ర నడపడానికి పూనుకుంది. జర్మనీలో ఎసెన్ నగరపు జోల్‌ఫెరైన్ బొగ్గు గనిని 1986లో మూసేశారు. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ పాత గని కార్మికులే దగ్గరుండి చూపించే ఏర్పాటు ఉంది.

చిన్న ఊళ్లో ఇట్లాంటివి నడవవు అనే వాదనకు నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ సరైన జవాబు. అది కాట్స్‌హ్యూవెల్ అనే చిన్న పట్టణంలో ఉంది. 1952లో జానపద కథల అడవితో మొదలైంది. ఆ తర్వాత కోస్టర్లూ వచ్చాయి, కానీ పునాది కథలే. అక్కడ చెత్తడబ్బా ఒక లావుపాటి మనిషి బొమ్మ. నోట్లో కాగితం పెడితే లోపలికి పీల్చుకొని థాంక్స్ చెబుతుంది. పిల్లలు దానికి తినిపించడానికి పార్కంతా తిరిగి కాగితాలు ఏరుకొస్తారు. పారిశుధ్యం తీరింది, పిల్లలకు ఆట దొరికింది, ఖర్చు ఏపాటి? నిర్మల్ నకాషీలు పొనికి కర్రతో, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ఏ బొమ్మకైనా ప్రాణం పోయగలరు. వాళ్ల చేతి బొమ్మలను హైదరాబాద్ షోరూములో గాజు వెనక పెట్టి, మన పార్కులో ఫైబరు మిక్కీ మౌసును పెడుతున్నాం. ఫ్రాన్స్‌లోని పుయ్ దు ఫూలో అసలు కోస్టరే లేదు. 1978లో పాడుబడ్డ కోట దగ్గర ఊరివాళ్లే తమ ప్రాంత చరిత్రను ప్రదర్శించడంతో మొదలై, ఇవాళ ఏటా ఇరవై లక్షల మందికి పైగా వచ్చే పార్కు అయింది. అక్కడ చెప్పే చరిత్ర మీద ఆ దేశంలోనే వాదాలున్నాయి. అయినా ఊరివాళ్లు చేసే ప్రదర్శన జనాన్ని రప్పించగలదా అన్న సందేహం మాత్రం తీరిపోయింది.

ఈ మాట విని కొందరు ఉత్సాహంగా, "అయితే గుస్సాడీని రోజూ నాలుగింటికి స్టేజి మీద ఆడిద్దాం, నాగోబా గుడి నమూనా పెడదాం" అంటారు. వద్దు. గుస్సాడీ గోండులు దీపావళి దినాల్లో దీక్షతో చేసే నృత్యం. నెమలి ఈకల టోపీ వాళ్లకు దైవంతో సమానం. దాన్ని టికెట్టు ఆటగా మార్చడం అవమానం. గుస్సాడీ కళాకారుడు మార్లవాయి కనకరాజు 2021లో పద్మశ్రీ అందుకున్నారంటే అది ఆయన జీవితమంతా కాపాడిన మర్యాదకు దక్కిన గౌరవం. కేస్లాపూర్ నాగోబా గుడిని మెస్రం వంశీయులు సొంత చందాలతో, దాదాపు 5 కోట్లు కూడబెట్టి, 2022లో రాతితో కట్టుకున్నారు. తమ కథను ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయించే హక్కు వాళ్లది. ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరిట భూమి మారదు. కుంటాల జలపాతం పక్కన ప్రైవేటు రిసార్టు, జిప్‌లైన్, రైడ్లు అని కలలు కనేవాళ్లు ముందు ఆ చట్టం చదవాలి. జోడేఘాట్‌లో కొమురం భీం స్మారకం ఉంది. ఆ గుట్టల మధ్య నిలబడితే 1940లో ఆయన అక్కడే ఎందుకు మోహరించాడో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. దానికి చేర్చాల్సింది మంచి రోడ్డు, గోండీలోనూ తెలుగులోనూ చెప్పగల స్థానిక యువకులు. రైడు ఒక్కటి కూడా అక్కర్లేదు.

"యూత్‌కు థ్రిల్లు కావాలి" అనే వాదన ఒక్కటి మిగిలింది. కావాలి, నిజమే. రెండు, మూడు మంచి రైడ్లు కొనండి. కొత్తవే కొనండి, వాటి నిర్వహణకు పదేళ్ల సొమ్ము ముందే పక్కన పెట్టండి. గని రైలు ఒకటి బెల్లంపల్లి బాయి కథతో కట్టండి. పదిహేను పాత రైడ్ల కన్నా అది ఎక్కువ కాలం నడుస్తుంది. మానేరు తీరాన కేబుల్ బ్రిడ్జి కోసం వందల కోట్లు ఖర్చు పెట్టగలిగిన ప్రభుత్వాలకు ఇది మోయలేని భారం కాదు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రజాప్రతినిధులకు, సింగరేణి యాజమాన్యానికి నా విజ్ఞప్తి ఇది. ఈసారి పార్కు ప్రకటనలో కోట్ల అంకె రాసే ముందు అక్కడ చెప్పబోయే కథ ఏమిటో, దాన్ని చెప్పేవాళ్లు ఎవరో రాయండి. రైడు కంపెనీ ప్రతినిధిని పిలిచే ముందు బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖనిలో రిటైరైన బాయి కార్మికులను పిలవండి. భూగర్భంలో దశాబ్దాలు పనిచేసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల మాటలు, ఆ కప్పు శబ్దాలు, ఆ పనిముట్ల పేర్లు రికార్డు చేయించే పని ఈ ఏడాదే మొదలుపెట్టండి. దానికి టెండరు కూడా అవసరం లేదు.